గెలిచే గుర్రం, గెలవని పందెం

రేసుకోర్సు గేటు దగ్గర పందెంరాయుళ్లు ఒకరినొకరు అడిగేది ఒకటే: ఈ రేసులో ఏ గుర్రం? లూయీవిల్ అయినా, మెల్‌బోర్న్ అయినా, మన మలక్‌పేట అయినా అదే ప్రశ్న. దానికి జవాబు చెబుతామంటూ తరతరాలుగా పుస్తకాలు, పత్రికలు, లెక్కల పద్ధతులు, ఈమధ్య కంప్యూటర్ ప్రోగ్రాములు వస్తూనే ఉన్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. గెలిచే గుర్రాన్ని పట్టుకోవడం జనం అనుకునేంత కష్టమేమీ కాదు. అమెరికాలో అందరికంటే ఎక్కువ డబ్బు పడిన గుర్రం, అంటే ఫేవరెట్, దాదాపు మూడు రేసులకు ఒకటి గెలుస్తుంది. గుర్రాల గురించి ఓనమాలు తెలియని మనిషి కూడా బోర్డు చూసి ఫేవరెట్ మీద కాస్తూ పోతే మూడోవంతు రేసుల్లో అతని గుర్రమే ముందు ఉంటుంది. అయినా ఏడాది తిరిగేసరికి అతని చేతిలో డబ్బు తగ్గే ఉంటుంది. ఎందుకంటే గెలిచిన ఆ రేసులన్నీ కలిసి ఇచ్చే సొమ్ము, ఓడిన రేసుల్లో పోయిన సొమ్ముకు సరిపోదు. అసలు చిక్కు గుర్రం రేటులో ఉంది.

ఆ రేటు ఎలా పుడుతుందో ముందు చూడాలి. 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఒల్లేర్ అనే వ్యాపారి ఒక కొత్త ఏర్పాటు తెచ్చాడు. తర్వాతి కాలంలో మూలా రూజ్ నాట్యశాలను స్థాపించిన ఇద్దరిలో ఈయన ఒకడు. పందెం డబ్బంతా ఒకచోట పోగుచేసి, నిర్వాహకుడి వాటా ముందే తీసేసి, మిగిలింది గెలిచినవాళ్లకు వాళ్లు కాసిన నిష్పత్తిలో పంచాలన్నది ఆయన పద్ధతి. 1913లో న్యూజిలాండ్‌లోని ఎల్లర్స్‌లీ రేసుకోర్సులో జార్జ్ జూలియస్ ఈ లెక్కలు చేసే యంత్రాన్ని నిలబెట్టాడు. మన రేసుకోర్సుల్లో టోట్ అంటున్నది ఆ పద్ధతే. ఇందులో పందెం కాసేవాడికి పోటీ నిర్వాహకుడితో కాదు, పక్కనే క్యూలో నిలబడ్డ మిగతా జనంతో. నిర్వాహకుడి వాటా మాత్రం ఎవరు గెలిచినా పదిలం. హాంకాంగ్‌లో విన్ పందెం (ఏ గుర్రం గెలుస్తుందో చెప్పే పందెం) మీద అది 17.5 శాతం. జపాన్‌లో విన్ మీద 20 శాతం, మొదటి మూడు గుర్రాలను వరసగా చెప్పే పందెం మీద 27.5 శాతం. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి, పందెం రకాన్ని బట్టి సుమారు 16 నుంచి 25 దాకా ఉంటుంది.

చిన్న లెక్క వేద్దాం. మొత్తం 1,000 రూపాయలు పోగయ్యాయి, అందులో 400 ఒకే గుర్రం మీద ఉన్నాయి. ఇరవై శాతం వాటా పోగా మిగిలిన 800, ఆ గుర్రం గెలిస్తే 400 రూపాయల టికెట్లకు పంచుతారు. రూపాయికి రెండు రూపాయలు. జనం దృష్టిలో ఆ గుర్రం గెలిచే అవకాశం 40 శాతం. కానీ మనకు అసలు మిగలాలంటేనే అది 50 శాతం సార్లు గెలవాలి. లాభం రావాలంటే అంతకుమించి గెలవాలి. అంటే వేలమంది కలిసి వేసిన అంచనా కంటే మన అంచనా కొంచెం మెరుగైతే చాలదు, చాలా మెరుగవ్వాలి. గుర్రాల ఎంపిక మీద రాసిన ఏ పుస్తకాన్నయినా ఈ లెక్క దగ్గర పెట్టుకుని చదవాలని నా గట్టి నమ్మకం.

మరి జనం అంచనా అంత బాగుంటుందా? ఉంటుంది. 1949లో రిచర్డ్ గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికన్ రేసుల రేట్లనూ ఫలితాలనూ పోల్చి చూశాడు. మొత్తం మీద జనం వేసిన అంచనా వాస్తవానికి బాగా దగ్గరగా ఉంది. తేడా రెండు కొసల్లోనే. గెలిచే ఆశ బొత్తిగా లేని గుర్రాల మీద జనం తగినదానికంటే ఎక్కువ డబ్బు పోస్తున్నారు, ఫేవరెట్ల మీద తక్కువ పెడుతున్నారు. ఆ తర్వాత ఎందరో ఆర్థికవేత్తలు ఇదే చూశారు. ఆ పరిశీలనల్లో చాలా పెద్దది 2010లో ఎరిక్ స్నోబర్గ్, జస్టిన్ వుల్ఫర్స్ ప్రచురించినది. అమెరికాలో 60 లక్షలకు పైగా పరుగుల లెక్కలు తీశారు. గుడ్డిగా ఏదో ఒక గుర్రం మీద కాస్తే రూపాయికి సగటున 23 పైసలు పోతాయి. ఎప్పుడూ ఫేవరెట్ మీదే కాస్తే 5.5 పైసలు పోతాయి. రూపాయికి వంద ఇస్తామనే గుర్రాల మీద కాస్తే 61 పైసలు పోతాయి. సన్నటి అవకాశాన్ని జనం ఉన్నదానికంటే పెద్దదిగా ఊహించుకోవడమే దీనికి కారణమని వాళ్లు తేల్చారు. కొద్ది డబ్బుతో ఒక్కసారిగా లక్షలు అనే ఆశకు జనం ఇంత మూల్యం చెల్లించడం నన్ను బాధపెడుతుంది.

అయితే ఇది ప్రపంచమంతటా ఒకేలా లేదు. హాంకాంగ్ రేసులను 1988లో పరిశీలించిన బుష్, హాల్ అనే ఇద్దరికి అక్కడ ఈ వంకర కనిపించలేదు. పందెపు మొత్తాలు పెద్దవి, సమాచారం అందరికీ అందుతుంది, కాసేవాళ్లు శ్రద్ధగా చదువుతారు. అలాంటి చోట రేట్లు మరింత సరిగ్గా ఉంటాయి.

జనాన్ని మించాలని చూసినవాళ్లు ఎన్నుకున్న దారుల్లో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్నది కాలం లెక్క మీద. ఇంగ్లండ్‌లో ఫిల్ బుల్ 1948లో టైమ్‌ఫామ్ సంస్థను మొదలుపెట్టి, ప్రతి గుర్రానికీ ఒక అంకె ఇవ్వడం అలవాటు చేశాడు. ఫ్రాంకెల్ అనే గుర్రానికి ఆ సంస్థ ఇచ్చిన 147 బాగా ప్రసిద్ధం. అమెరికాలో ఆండ్రూ బేయర్ అనే పాత్రికేయుడు 1975లో ‘పికింగ్ విన్నర్స్’ పుస్తకంలో తన పద్ధతి వివరించాడు. ఒక గుర్రం ఎంత సమయంలో పరుగు ముగించిందో చూస్తే చాలదు, ఆ రోజు ట్రాక్ ఎంత వేగంగా ఉందో లెక్కగట్టి ఆ సమయాన్ని సరిచేయాలన్నది అందులో సారం. అప్పట్లో అలాంటి లెక్కలు కష్టపడి సొంతంగా వేసుకునేవాళ్లు బహు కొద్దిమంది. 1992 నుంచి ఆ అంకెలు డైలీ రేసింగ్ ఫామ్ పత్రికలో ప్రతి గుర్రం పేరు పక్కనా అచ్చవుతున్నాయి. అంకె నిజమైనదే. కానీ అందరి చేతిలోకీ వచ్చాక అది రేటులో కలిసిపోయింది. మంచి అంకె ఉన్న గుర్రం మీద అందరూ కాస్తారు, రాబడి తగ్గుతుంది. నిజమైన జ్ఞానం కూడా పంచుకున్న కొద్దీ విలువ పోగొట్టుకునే ఇలాంటి రంగం మరొకటి ఉంటుందేమో నాకు తెలియదు.

1984లో విలియమ్ జీంబా, డొనాల్డ్ హాష్ రాసిన ‘బీట్ ద రేస్‌ట్రాక్’ దారి వేరు. గుర్రాల జోలికే పోలేదు. విన్ రేట్లను బట్టి చూస్తే ప్లేస్ పందేల (గుర్రం మొదటి రెండు స్థానాల్లో ఉంటే చాలనే పందేల) రేట్లలో ఎక్కడ పొరపాటు ఉందో పట్టుకుంటే చాలన్నారు. ఆ రోజుల్లో అది పనిచేసిందని లెక్కలు చూపించారు. అదే పనిని కంప్యూటర్లు రేసుకు ముందు చివరి క్షణాల్లో చేసే ఈ కాలంలో మామూలు మనిషికి దానివల్ల మిగిలేదేమీ లేదు.

ఇక పత్రికలకు ప్రియమైనవి ‘నియమాలు’. పెద్ద రేసుకు ముందు వారం రోజులూ ఇవే వినిపిస్తాయి. వీటిని కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు వీటిమీదే పోతుంది. అమెరికాలోని కెంటకీ డెర్బీ రేసుకు స్టీవెన్ రోమన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన డోసేజ్ సూచికను 1981లో డైలీ రేసింగ్ ఫామ్ ప్రచారంలోకి తెచ్చింది. గుర్రం వంశవృక్షంలోని పేర్లకు మార్కులు వేసి కూడతారు. సూచిక 4 దాటిన గుర్రానికి దూరం పరుగెత్తే సత్తా ఉండదు, డెర్బీ గెలవదు అన్నారు. పదేళ్లపాటు దాన్ని వేదంలా నమ్మారు. 1991లో స్ట్రైక్ ద గోల్డ్ గెలిచింది. దాని సూచిక 4కు ఎంతో పైన ఉంది. తర్వాత దాని తండ్రి ఆలిడార్ పేరును ముఖ్య పూర్వీకుల జాబితాలో చేర్చడంతో ఆ గుర్రం సూచిక తగ్గి హద్దులోకి వచ్చింది! ఫలితం తెలిశాక సవరించుకునే సూత్రం జోస్యానికి పనికిరాదు. ఆపైన 1998లో రియల్ క్వైట్, 1999లో కరిస్మాటిక్ ఆ హద్దు దాటే గెలిచాయి.

రెండేళ్ల వయసులో ఒక్క రేసూ పరుగెత్తని గుర్రం డెర్బీ గెలవదన్నది ఇంకో నియమం. 1882లో అపోలో గెలిచాక అలాంటిది మరొకటి రాలేదు కాబట్టి దీన్ని అపోలో శాపం అన్నారు. 2018లో జస్టిఫై ఆ శాపాన్ని తుడిచేసి, ట్రిపుల్ క్రౌన్ అనే మూడు పెద్ద రేసులూ గెలుచుకుంది. ఇంగ్లండ్ గ్రాండ్ నేషనల్‌లో ఏడేళ్ల గుర్రం గెలవదని చెప్పేవారు, 1940లో బాగ్‌స్కార్ తర్వాత ఒక్కటీ గెలవలేదని. 2022లో ఏడేళ్ల నోబుల్ యేట్స్ రూపాయికి యాభై రేటుతో గెలిచింది. మెల్‌బోర్న్ కప్‌లో 18వ గేటు నుంచి బయల్దేరిన గుర్రం ఎన్నడూ గెలవలేదన్నారు. 2021లో వెరీ ఎలిగెంట్ ఆ గేటు నుంచే వచ్చి గెలిచింది. ఏడాదికి ఒక్కసారి జరిగే రేసుకు నూట యాభై ఫలితాలే ఉంటాయి. వయసు, గేటు, బరువు, తండ్రి, నెల, ఊరు అంటూ వందరకాలుగా జల్లెడ పడితే ఎన్నడూ జరగని కలయిక ఏదో ఒకటి తప్పక దొరుకుతుంది. అందులో కారణం అనేది ఉందా అన్నదే అడగవలసిన ప్రశ్న.

కారణం ఉన్న మార్పులు వేరుగా ఉంటాయి. కెంటకీ డెర్బీలోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. 20 గుర్రాల దాకా దిగే ఈ రేసు దూరం మైలుంపావు, సుమారు 2,000 మీటర్లు. మే మొదటి శనివారం నాటికి అందులో దిగే మూడేళ్ల గుర్రాల్లో దాదాపు ఏదీ అంత దూరం పరుగెత్తి ఉండదు. 2012 దాకా ప్రవేశం గెలుచుకున్న బహుమతి సొమ్మును బట్టి ఉండేది. చిన్నతనంలో తక్కువ దూరపు రేసులు గెలిచి డబ్బు కూడబెట్టిన గుర్రాలు కూడా దిగేవి, మొదట్లోనే విపరీతమైన వేగం పుట్టించి ముందున్న మేలిరకం గుర్రాలను కూడా అలసిపోయేలా చేసేవి. 2013 నుంచి దూరపు రేసులకు ప్రాధాన్యమిచ్చే పాయింట్ల పద్ధతి పెట్టారు. ఆ ఏడాది నుంచి 2018 దాకా వరసగా ఆరేళ్లు ఫేవరెట్లే గెలిచాయి. నిబంధన మారింది, రేసు నడక మారింది, ఫలితం మారింది. పాత ఇరవై ఏళ్ల లెక్కలు పట్టుకు వేలాడినవాళ్లు ఆ ఆరేళ్లూ నష్టపోయారు.

ఆ తర్వాత 2022 వచ్చింది. సమర్ ఈజ్ టుమారో అనే గుర్రం దుబాయ్‌లో జరిగే యూఏఈ డెర్బీ పాయింట్లతో ప్రవేశం సంపాదించింది. మొదటినుంచీ ముందు పరుగెత్తడం దాని అలవాటు. తొలి పావు మైలు 21.78 సెకన్లలో ముగిసింది. డెర్బీ చరిత్రలో అంత వేగం లేదు. అర మైలు 45.36 సెకన్లు. ఆ వేగాన్ని వెంటాడిన గుర్రాలన్నీ చివర్లో అలిసిపోయాయి. ఫేవరెట్ ఎపిసెంటర్, దాని పక్కన జాండన్ చివరి మలుపు తర్వాత ఒకదానితో ఒకటి పోరాడుతుంటే, వెనక నుంచి కంచె వారగా రిచ్ స్ట్రైక్ దూసుకొచ్చింది. అది 30,000 డాలర్లకు కొన్న గుర్రం. ముందురోజు మరో గుర్రం తప్పుకోవడంతో చోటు దొరికి, అన్నిటికంటే బయటి గేటు నుంచి బయల్దేరింది. రేటు రూపాయికి 80. ముందుగా దాన్ని పట్టుకునే దారి ఏ పద్ధతిలోనూ లేదని నేను అనుకుంటాను. కానీ ముందువైపు వేగం ఎక్కువ ఉండబోతుందని ఊహించే అవకాశం ఉంది, కాబట్టి ముందుండే గుర్రాల రేటు గిట్టదని తేల్చుకునే అవకాశమూ ఉంది. ఏది గెలుస్తుందో తెలియకపోయినా, ఏ రేటు తప్పో తెలియవచ్చు. ఈ విద్యలో మనిషి నేర్చుకోగలిగింది చాలావరకు ఇదే.

గ్రాండ్ నేషనల్ గురించి ఇంత చెప్పే పని లేదు. నాలుగు మైళ్లు దాటిన దూరం, 30 కంచెలు, ఎవరు ఎప్పుడు పడతారో తెలియని రేసు. 1967లో రౌతు లేని గుర్రమొకటి 23వ కంచె దగ్గర అడ్డం తిరిగితే ముందున్నవన్నీ గుంపుగా ఆగిపోయాయి. ఎక్కడో వెనక ఉన్న ఫోయినావన్ ఆ గుంపును తప్పించుకుని రూపాయికి వంద రేటుతో గెలిచింది. ఇప్పుడు ఆ కంచెకు దాని పేరే ఉంది. 2024 నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు. ఇక పాత లెక్కలు ఆ మేరకు ఉపయోగపడవు.

మెల్‌బోర్న్ కప్ హ్యాండీక్యాప్ రేసు. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువ గుర్రానికి తక్కువ బరువు కట్టి, అన్నీ ఒకేసారి గీత దాటేలా చూడటం అక్కడి అధికారి పని. 24 గుర్రాలు, 3,200 మీటర్లు. 2015లో ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ మీద మిషెల్ పేన్ గెలిచి ఆ కప్ అందుకున్న తొలి మహిళా జాకీ అయింది. రేటు రూపాయికి వంద. ఈ రేసులో అసలు మార్పు 1993లో జరిగింది. ఐర్లండ్ నుంచి వచ్చిన వింటేజ్ క్రాప్ గెలవడంతో యూరప్ దూరపు గుర్రాల వరద మొదలైంది. పదేళ్లకు పైగా స్థానిక పందెంరాయుళ్లు వాటి ఫామ్ చదవడం నేర్చుకోవలసి వచ్చింది. 2020లో ఆంథొనీ వాన్ డైక్ అనే గుర్రం రేసులోనే కాలు విరిగి చనిపోయింది. ఆ తర్వాత విదేశీ గుర్రాలకు వైద్య పరీక్షలు కఠినం చేశారు, వచ్చేవాటి సంఖ్య తగ్గింది. గుర్రాల ప్రాణాల దృష్ట్యా ఇది ఆలస్యంగానైనా జరిగిన మంచి పని.

జనం ప్రేమ రేటును ఎంత వంచుతుందో చూడాలంటే పారిస్‌కు వెళ్లాలి. అక్టోబరు మొదటి ఆదివారం లాంగ్‌షాంలో జరిగే ఆర్క్ రేసు 2,400 మీటర్లు. మూడేళ్ల గుర్రాలకు పెద్దవాటికంటే బరువు తక్కువ. చాలాసార్లు అప్పటికి వానలు పడి నేల మెత్తబడి ఉంటుంది. 2006లో జపాన్ ఆరాధ్య గుర్రం డీప్ ఇంపాక్ట్ వచ్చింది. దానితోపాటు వేలమంది జపాన్ అభిమానులు వచ్చి టికెట్లు కొన్నారు. దాని రేటు ఏ లెక్కకూ అందనంత పడిపోయింది. మూడో స్థానంలో వచ్చింది, నిషేధిత మందు ఆనవాళ్ల కారణంగా తర్వాత ఆ స్థానమూ పోయింది. గెలిచిన రైల్ లింక్ మూడేళ్ల గుర్రమే. 2025 దాకా జపాన్ గుర్రం ఏదీ ఆర్క్ గెలవలేదు. ఆ అభిమానులను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. 1973లో అమెరికాలో సెక్రటేరియట్ అనే గుర్రం బెల్మాంట్ స్టేక్స్ రేసును 31 లెంగ్త్‌ల (గుర్రపు పొడవుల) తేడాతో గెలిచినప్పుడు 5,617 గెలుపు టికెట్లకు ఎవరూ డబ్బు తీసుకోలేదు. రెండు డాలర్లకు రెండు డాలర్ల ఇరవై సెంట్ల కంటే ఆ కాగితమే విలువైనదని దాచుకున్నారు. పందేన్ని జ్ఞాపకంగా కొనుక్కునేవాళ్లకు నష్టం లేదు. పెట్టుబడి అనుకునేవాళ్లకే నష్టం.

మరి ఎవరూ గెలవలేదా? గెలిచారు, వాళ్ల కథ ఈ ప్రశ్నకు కీలకం. 1986లో రూత్ బోల్టన్, రాండల్ చాప్‌మన్ ఒక పరిశోధన పత్రంలో గుర్రం లక్షణాలను బట్టి గెలిచే అవకాశాన్ని లెక్కగట్టే సూత్రం ఇచ్చారు. లాస్ వేగాస్ క్యాసినోలు వెళ్లగొట్టిన పేకాట లెక్కగాడు బిల్ బెంటర్, భాగస్వామి అలన్ వుడ్స్‌తో కలిసి అదే దశకంలో హాంకాంగ్ చేరాడు. అక్కడ ఉన్నవి రెండే రేసుకోర్సులు, షా టిన్, హ్యాపీ వ్యాలీ. అవే గుర్రాలు మళ్లీ మళ్లీ తలపడతాయి, పందెపు మొత్తాలు పెద్దవి. అయినా మొదట్లో నష్టపోయాడు. తన లెక్కకు జనం రేటును కూడా ఒక అంశంగా కలిపాకే ఫలితం మారిందని 1994లో ప్రచురించిన వ్యాసంలో తనే వివరించాడు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ గెలిచినవాళ్లలో ఒకడు తన యంత్రం కంటే జనం అంచనాను ముందు గౌరవించాడు. జనానికీ తనకూ తేడా వచ్చిన చోట, ఆ తేడా చాలినంత ఉన్నప్పుడే కాశాడు. ఎంత కాయాలో కూడా 1956లో కెల్లీ ఇచ్చిన సూత్రం ప్రకారం కొలిచాడు. ఇప్పుడు అమెరికాలో ఇలాంటి బృందాలు భారీగా కాసి, కాసిన సొమ్ములో కొంత వెనక్కి రాయితీగా పొందుతున్నాయి. అదే పోగులో పూర్తి వాటా చెల్లించి కాసేవాడు వాళ్లకు ఆహారం.

స్థిరమైన రేటు ఇచ్చే బుకీల దగ్గర పరిస్థితి ఇంకో రకం. బ్రిటన్‌లో నిలకడగా గెలిచేవాడి పందెం పరిమితిని కొద్ది పౌండ్లకు తగ్గించడం మామూలు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2014 నుంచి కనీస పరిమితి దాకా పందెం తీసుకోక తప్పదని నిబంధన పెట్టవలసి వచ్చింది. ఓడేవాడికి తలుపు బార్లా తెరిచి, గెలిచేవాడికి మూసే వ్యాపారం ఇది.

ఫోన్లలో చిట్కాలు అమ్మేవాళ్ల సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. టోట్‌లో నిజమైన సమాచారం వెయ్యిమందికి అమ్మితే, ఆ వెయ్యిమంది డబ్బుతోనే దాని రేటు చచ్చిపోతుంది. నిజంగా తెలిసినవాడు అమ్మడు.

ఇక మన దగ్గర. 1996లో సుప్రీంకోర్టు డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో గుర్రప్పందెం నైపుణ్యానికి సంబంధించిన ఆటే అని తీర్పు ఇచ్చింది. నైపుణ్యం ఉందన్న మాట నిజం. పైన చెప్పిన బేయర్, బెంటర్‌ల పని అదే. కానీ ఆ నైపుణ్యానికి దక్కే ప్రతిఫలం సుంకాలు ఎంత ఉన్నాయన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పందెం పూర్తి విలువ మీద జీఎస్టీ 40 శాతం. నూరు రూపాయలు పందెంలోకి చేరాలంటే నూట నలభై ఖర్చు. క్లబ్బు వాటా ఆపైన. పదివేలు దాటిన గెలుపు మీద 30 శాతం పన్ను ముందే కోస్తారు, ఓడిన టికెట్ల నష్టాన్ని ఆ ఆదాయంలోంచి తీసేసుకునే వీలు పందెం కాసేవాడికి లేదు. జపాన్‌లో సాఫ్ట్‌వేర్‌తో ఏడాది పొడవునా కాసిన ఒక వ్యక్తి కేసులో 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఓడిన టికెట్లను ఖర్చుగా ఒప్పుకుంది. మనకు ఆ వెసులుబాటు కూడా లేదు. హాంకాంగ్‌లో 17.5 శాతం వాటాను దాటడానికి బెంటర్‌కు ఏళ్ల శ్రమ, కంప్యూటర్లు, పెద్ద పెట్టుబడి పట్టాయి. మలక్‌పేటలో కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి దాటవలసిన గోడ దానికి రెట్టింపు కంటే ఎత్తుగా ఉంది. ఈ వ్యాసంలో చెప్పుకున్న పద్ధతుల్లో దాన్ని దాటగలిగింది ఒక్కటీ లేదు. కాబట్టి గుర్రాలను చూడటానికి వెళ్లండి, వాటి పరుగు చదవడం నేర్చుకోండి, ఎవరి గుర్రం గెలుస్తుందో స్నేహితులతో వాదించుకోండి. ఇంటి ఖర్చుల డబ్బు మాత్రం ఆ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లకండి.